పది సీతాఫలాల పందెం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా బడిలో ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు కూడా వారం లోపలే తెలిసిపోతుంది. పొద్దున గేటు దగ్గర నేను స్కూటీ స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రోజు హోంవర్క్ చూపించాలో, మరిచిపోయామని చెప్పాలో వాళ్లు తేల్చుకుంటారట. ఈ మాట నాకు చెప్పింది కూడా వాళ్లే. చెప్పినందుకు కోప్పడ్డాను.

కోస్గి దగ్గరి ఒక ఊళ్లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. రెండేళ్ల కింద, వానాకాలం చివర్లో, ఎనిమిదో తరగతికి ఒక చిన్న పని ఇచ్చాను. ఊరి చుట్టూ తిరిగి ఐదు చెట్లు చూసి, వాటి గురించి నాలుగు మాటలు రాసుకు రమ్మన్నాను. మర్నాడు పుస్తకాలు తెరిస్తే పదకొండు మంది పుస్తకాల్లో కొబ్బరిచెట్టు ఉంది. మా ఊళ్లో కొబ్బరిచెట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. దేవుడికి కాయ కొట్టాలన్నా కోస్గి నుంచి తెచ్చుకోవాల్సిందే. ఒక మహానుభావుడైతే మా ఊరి మడ అడవుల గురించి పేజీన్నర రాశాడు. సముద్రం ఎటువైపు ఉందో కూడా మా ఊళ్లో చాలామందికి తెలియదు.

"మడ అడవి ఎక్కడ చూసినవురా?" అని అడిగాను.

వాడు ఏమాత్రం తడబడలేదు. ఆ తరగతిలో నోరున్న పిల్లగాడంటే వాడే. "నేను చూడలే టీచర్. ఏఐ చెప్పింది. దానికి అన్నీ తెల్సు."

"అన్నీ తెలుసా?"

"ఔ టీచర్. ఫోటో తీసి పెడితే గది ఏం చెట్టో, ఏం పురుగో, కాయనో పండో, అన్నీ చెప్తది."

కాయో పండో అన్న మాట నాకు పట్టుకుంది. ఎందుకంటే కాయో పండో చెప్పడంలో ఈ చుట్టుపక్కల మా అమ్మను మించిన మనిషి లేదు.

మా అమ్మ గురించి చెప్పాలి. మాకు భూమి ఉండేది కాదు. నాయిన కూలికి పోయేవాడు. దసరా ముందు నుంచి దీపావళి దాటేదాకా అమ్మ గుట్టలెక్కి సీతాఫలాలు తెంపి, గంప నెత్తిన పెట్టుకుని, కొత్తకోట దగ్గర బెంగళూరు బస్సులు ఆగేచోట కూర్చునేది. చుట్టూ మరో ఇరవై గంపలు ఉండేవి. బస్సు దిగిన వాళ్లను అందరూ రేటు చెప్పి పిలిస్తే, అమ్మ మాత్రం "ఎప్పుడు తింటరు?" అని అడిగేది. ఇప్పుడే తినేవాళ్లకు ఒక కాయ, ఇంటికి పోయి రేపు తినేవాళ్లకు ఒక కాయ, బెంగళూరులో చుట్టాలకు ఇచ్చేవాళ్లకు ఇంకో కాయ తీసిచ్చేది. సీతాఫలం ఒంటినిండా కండ్లుంటాయి కదా, ఆ కండ్ల మధ్య సందులు ఎంత విచ్చుకున్నాయి, అక్కడ తెలుపు ఎంత కనబడుతోంది, ఇవే ఆమె చూసేది. కాయను నొక్కేది కాదు. నొక్కేవాళ్లను చూస్తే ఆమెకు నాకంటే ఎక్కువ కోపం. మరుసటి ఏడాది అదే బస్సు దిగి, అమ్మ గంప ఎక్కడుందని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు నాకు తెలుసు. నేను పక్కనే కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని.

తెలంగాణ వచ్చాక నాకీ ఊరికి బదిలీ అయింది. అప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆదివారం చర్చికి, సోమవారం నుంచి శనివారం దాకా వాకిట్లో వచ్చేపోయేవాళ్ల మీద అధికారం. బడి మొహం చూడలేదు.

"అయితే పందెం," అన్నాను క్లాసులో. "మీ ఏఐ ఒకవైపు, మా అమ్మ ఒకవైపు."

క్లాసంతా లేచి గంతులేసింది. ఒక్క పిల్ల మాత్రం ఈ మాట కూడా నోట్‌బుక్కులో రాసుకుంది. మొదటి బెంచీలో కూర్చునే రెండు జడల పిల్ల అది. నేను ఏం చెప్పినా రాసుకుంటుంది. ఒకసారి నేను "ఫ్యాను వేయండ్రా" అంటే అది కూడా రాసిందని పక్క పిల్ల నాకు ఫిర్యాదు చేసింది.

మంగళవారం పిల్లలే గుట్టకు పోయి పది కాయలు తెంపుకొచ్చారు. అమ్మ తెంపితే తొండి అవుతుందని నోరున్న పిల్లగాడు ముందే షరతు పెట్టాడు. బల్ల మీద వరసగా పెట్టి, ఒక్కోదాని కింద నంబరు చీటీ పెట్టాం. బడిలో పిల్లల చేతికి ఫోను ఇవ్వం కనుక నా ఫోనే తీశాను. ఒక్కో కాయ ఫోటో తీసి, ఇది ఎన్ని రోజులకు పండుతుందని అడిగి, వచ్చిన జవాబు పైకి చదివాను. మొదటి కాయకు, ఆకుపచ్చగా ఉంది కనుక ఇంకా ముదరలేదు, పసుపు రంగు వచ్చేదాకా చెట్టు మీదే ఉంచండి అని చెప్పింది. రెండోదానికి నాలుగు రోజులంది. ఆరోదాన్ని ఒకసారి రామాఫలం అంది, మళ్లీ ఫోటో తీస్తే క్షమించమని అడిగి సీతాఫలం చేసింది. ఏది చెప్పినా చక్కగా, మర్యాదగా, ఇన్‌స్పెక్షనుకొచ్చిన ఆఫీసరు చదివినట్టు చెప్పింది.

అమ్మ అప్పటిదాకా నా కుర్చీలో కూర్చుని వింటోంది. స్కూటీ మీద తెచ్చినందుకు ఇస్త్రీ చీర నలిగిందని ముందే గొణిగింది. లేచి బల్ల దగ్గరికొచ్చింది.

"పసుపు రంగు రావాల్నా?" అని ముక్కు మీద వేలేసుకుంది. "గంత దాక చెట్టు మీద ఇడిస్తె ఉడుతలు తింటయి, గా ఫోన్ల మనిషి తినడు."

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆమె ఒక్కో కాయను అటూ ఇటూ తిప్పి చూసింది. "గిది రేపు. గిది ఎల్లుండి. గిదిగూడ ఎల్లుండి, జర పొద్దెక్కినంక. గిది ఏ పోరడు తెంపిండో గాని పసికాయ, నల్లగై బండైతది, పండదు." ఇలా ఎనిమిదింటికి చెప్పింది. మూడో కాయ, తొమ్మిదో కాయ దగ్గర ఆగింది. రెండుసార్లు తిప్పింది. వెలుతురులోకి తీసుకుపోయి చూసింది.

"గీ రెండు నాకెర్క లేదు," అని కింద పెట్టేసింది.

"జర అందాజ చెప్పు అవ్వా," అని బతిమాలాడు నోరున్న పిల్లగాడు.

"అందాజ ఎందుకు చెప్పాలెరా? ఎర్క లేదంటే ఎర్క లేదు."

రెండు జడల పిల్ల ఆ మాట కూడా రాసుకుంది. నేను మాత్రం అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. అమ్మ రెండు మార్కులు పోగొట్టుకుందే అని నాకు బాధగా ఉంది.

కాయలను గోనెసంచిలో ఎండుగడ్డి పరిచి స్టాఫ్‌రూము బీరువాలో మాగబెట్టాం. బీరువా తాళంచెవి హెడ్మాస్టరు సారు జేబులో పెట్టించాను, ఎందుకంటే ఆయనకు షుగరు, సీతాఫలం జోలికి పోరు. రోజూ పొద్దున ప్రార్థన కాగానే ఎనిమిదో తరగతి మొత్తం బీరువా ముందు నిలబడేది. శుక్రవారానికి లెక్క తేలింది. అమ్మ చెప్పిన ఎనిమిదీ చెప్పినట్టే అయ్యాయి. పసికాయ నిజంగానే నల్లబడి రాయిలా ఉండిపోయింది. ఫోను చెప్పినవాటిలో మూడు నిజమయ్యాయి.

నా గర్వం ఏం చెప్పను! నోరున్న పిల్లగాడిని లేపి నిలబెట్టి, బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాశాను. 'ఫోను మాట నమ్మొద్దు. తెలిసిన మనిషి మాట నమ్మాలి.' అందరి చేతా రెండుసార్లు చదివించాను. హెడ్మాస్టరు సారు కిటికీలోంచి చూసి, "పది కాయలతోనే ఫోన్ పని పట్టిన్రు మేడం," అని మెచ్చుకున్నారు. ఆ మాటను రెండు రోజులు తలుచుకుని మురిశాను.

పండిన పండ్లను అందరం పంచుకుని తిన్నాం. అమ్మ కూడా వచ్చింది. వరండాలో కూర్చుని గింజలు ఉమ్ముతున్న పిల్లలను చూసి, "పారెయ్యకుండ్రి," అంది. "ఎండబెట్టి, దంచి, పొడి తలకు రాసుకుంటే ఒక్క పేను ఉండదు. మీ టీచర్ తలకు గట్లనే పోగొట్టిన."

ఆడపిల్లలు నావైపు చూశారు. నేను నవ్వుతూ తలూపాను. అవును, చిన్నప్పుడు అమ్మ నా తలకు ఆ పొడి పెట్టేది. ఈ గుట్టల కింద ఆడపిల్లలకు ఇది కొత్త మందేమీ కాదు. రెండు జడల పిల్ల కింద పడ్డ గింజలు కూడా ఏరి, నోట్‌బుక్కు కాగితంలో పొట్లం కట్టుకుంది. అప్పటికి వారం నుంచి దాని పక్కన కూర్చునే పిల్ల వెనక బెంచీకి మారిపోయింది. పేలున్నాయని. నాకు తెలుసు, కానీ ఆడపిల్లల తగాదాలు వాటంతటవే సర్దుకుంటాయిలే అని ఊరుకున్నాను.

సోమవారం మొదటి బెంచీ ఖాళీగా ఉంది. ఆ పిల్ల ఒక్క రోజు కూడా బడి మానేది కాదు. హాజరు పిలుస్తుంటే, వెనక బెంచీకి మారిన పిల్ల లేచి నిలబడింది. ఏడుపు మొహం పెట్టుకుని ఉంది.

"టీచర్, అది కండ్లు తెరుస్తలేదు," అంది.

హాజరు పట్టీ పక్క టీచరుకు ఇచ్చి స్కూటీ తీశాను. ఆ పిల్ల ఇల్లు ఊరి చివర. అమ్మానాన్నలు పత్తి ఏరడానికి పొద్దున్నే పోయారు. ఇంట్లో పిల్ల అవ్వ ఒక్కతే ఉంది. పిల్ల అరుగు మీద మోకాళ్లలో తల పెట్టుకుని, తడి గుడ్డ కండ్లకు అదుముకుని కూర్చుంది. తల ఎత్తమంటే ఎత్తింది. రెప్పలు వాచి, ఎర్రగా, నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆదివారం సాయంత్రం గింజల పొడి తలకు పట్టించి, స్నానం చేస్తూ నీళ్లు పోసుకుంటే అది కండ్లలోకి దిగిందట. పొద్దుటికి తగ్గుతుందనుకున్నారట. అవ్వ చేతిలో చిన్న గిన్నె ఉంది. పక్కింట్లో బాలింత దగ్గర చనుబాలు అడిగి తెచ్చింది, కండ్లలో పోయడానికి.

"ఏమీ పొయ్యకు అవ్వా, జర ఆగు," అని గిన్నె తీసి పక్కన పెట్టి, బిందెడు మంచినీళ్లు తెప్పించి, పిల్ల తల నా ఒళ్లో పెట్టుకుని చెంబుతో సన్నగా పోస్తూ కడిగాను. పిల్ల నా చేయి గట్టిగా పట్టుకుంది. కడుగుతూనే తిట్టడం మొదలుపెట్టాను. ఆ పొడి కండ్లకు తగలనిస్తారా, ఎవరినైనా అడగొద్దా అని.

"అడిగిన టీచర్," అంది సన్నగా. "అమ్మ ఫోన్ల ఏఐని అడిగిన. వద్దన్నది."

"ఏమన్నది?"

"పెట్టుకోవద్దు, కండ్లు పోతయి అన్నది. మీరే గద టీచర్, ఫోన్ మాట నమ్మొద్దు, తెల్సిన మనిషి మాట నమ్మాలె అన్నరు."

చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. అవ్వ ఇంట్లోనే ఉన్న ఆ ఫోను తెచ్చి చూపించింది. ఆ జవాబు ఇంకా అందులోనే ఉంది. సీతాఫలం గింజల పొడి తలకు వాడొద్దని, కండ్లలో పడితే చాలా ప్రమాదమని, పేలకు వేరే మందులున్నాయని, డాక్టరును అడగమని, అదే మర్యాదైన భాషలో. మడ అడవుల గురించి చెప్పినప్పుడు ఎంత మర్యాదగా చెప్పిందో ఇప్పుడూ అంతే మర్యాదగా చెప్పింది. రెంటికీ తేడా ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? నేను తెలియజెప్పాల్సింది. తెలియజెప్పకపోగా, చెరిపేశాను.

ఆటో మాట్లాడుకుని మహబూబ్‌నగర్ దవాఖానకు బయలుదేరాం. దారి పొడుగునా కందిచేలు పూతకొచ్చి పచ్చగా ఉన్నాయి. మామూలుగా అయితే ఆ దారిలో ఆటో డ్రైవరుతో నాలుగు ఊళ్ల ముచ్చట్లు పెట్టేదాన్ని. ఆ రోజు ఒక్కటే భయం. ఈ పిల్లకు చూపు పోతే నేనేం చేయను? వాళ్ల అమ్మకు ఏం చెప్పను? పిల్ల మాత్రం మధ్యలో ఒకసారి, "టీచర్, ఇయ్యాల ఏం పాఠం చెప్పిన్రు?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. మొహం బయటికి తిప్పుకున్నాను.

కండ్ల డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పిల్ల జడ వాసన చూసి, నేను నోరు తెరవకముందే, "సీతాఫలం గింజలా?" అంది. "సీజన్ వస్తే చాలు, గిట్లాంటి కేసులు వస్తయి మాకు. ఎవరు పెట్టమన్నరు?"

"నేనే," అన్నాను.

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. నేను టీచరునని అప్పుడు చెప్పుకోవాలనిపించలేదు. పరీక్ష చేసి, నల్లగుడ్డు మీద పొర గీరుకుపోయిందని, చుక్కల మందు గంట గంటకూ వేయాలని, మూడు రోజుల తర్వాత చూస్తే గాని చూపు సంగతి చెప్పలేనని అంది. "ఇప్పుడే చెప్పండి డాక్టర్," అని గోల పెట్టాను. "ఇప్పుడు నాకు తెల్వదు," అంది ఆమె, నిమ్మళంగా.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. కోపం ఎవరి మీదనో ఒకరి మీద పోవాలి కదా. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఏరడం అయ్యాక చేట పక్కన పెట్టింది.

"నీకు పెట్టినప్పుడు నొసటి మీద తువ్వాల గట్టిగ కట్టిన బిడ్డా. మంచం మీద ఎల్లకిల పండవెట్టి, తల అంచు కిందికి వంచి, ఎనకకు నీళ్లు పోసిన. నీ కండ్లు నా అరచేతుల మూసి పెట్టిన. గది చెప్పలే నేను వాండ్లకు."

"ఎందుకు చెప్పలే?"

"చెప్పాల్నని యాదికి రాలే. చేతులకు ఎర్క గని, నోటికి రాలే." ఇంకా మెల్లగా అంది. "మీ చిన్నమ్మకు పెట్టినప్పుడు కన్ను మస్తు ఎర్రగైంది. నాలుగు దినాలు తెరవలే. గదిగూడ చెప్పలే."

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. నలభై ఏళ్లు మా ఇంట్లో ఆ మందు గొప్పతనం విన్నాను గాని, చిన్నమ్మ కన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ మీద కోపం అక్కడితో పోయింది. ఆ మూడు రోజులూ ఆమె నాతోపాటు ఆ పిల్ల ఇంటికొచ్చి, గంట గంటకూ చుక్కలు వేసింది. గడియారం చూడడం రాదు కనుక ఫోనులో గంట మోగేలా పెట్టించుకుంది. "గీ పనికి మాత్రం మంచిదే," అని దానికి సర్టిఫికెట్ ఇచ్చింది.

నాలుగో రోజు డాక్టరమ్మ పిల్లను గోడ మీది అక్షరాల పట్టీ ముందు కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసి చదవమంది. పిల్ల పై నుంచి మొదలుపెట్టింది. అట్టడుగు వరుస దాకా చదివింది. రెండో కన్నుతో కూడా చదివింది. అంతటితో ఆగక, పట్టీ అంచున ప్రింటు చేసినవాళ్లు వేసుకున్న చిన్న అక్షరాలు కూడా చదవబోయింది. "చాలు తల్లీ, గది నాకే కనవడదు," అని నవ్వింది డాక్టరమ్మ. నేను అందరి ముందూ ఆ పిల్లను పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. బాగా సిగ్గుపడింది.

మర్నాడు క్లాసులో బోర్డు మీద మళ్లీ అదే వాక్యం రాశాను. రాసి కొట్టేశాను.

"నేను తప్పు చెప్పాను," అన్నాను.

టీచరు తప్పు ఒప్పుకుంటే ఏం చేయాలో వాళ్లకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు గదా. చివరికి నోరున్న పిల్లగాడే లేచాడు. "అయితే ఫోన్‌ను నమ్మాల్నా టీచర్?"

"నమ్మాలని కూడా చెప్పను."

"మరి ఎట్ల?"

ఎట్ల అన్నది నాకూ పూర్తిగా తెలియదు. అందరం కలిసి ఆలోచించాం. ఫోను సీతాఫలం సంగతి ఎందుకు తప్పు చెప్పింది? మా గుట్టను అది చూడలేదు, కాయను చేతిలోకి తీసుకోలేదు. గింజల సంగతి ఎందుకు నిజమైంది? కండ్లు పాడైనవాళ్ల సంగతి ఎక్కడెక్కడి డాక్టర్లో రాసిపెట్టారు, అది దానికి అందింది. కాయ మాట తప్పైతే ఒక కాయ పాడవుతుంది, ఉడుతకు పెట్టొచ్చు. కండ్ల మాట తప్పైతే కన్ను పోతుంది. వెనక బెంచీ పిల్ల మెల్లగా లేచి, "ఇద్దరు రెండు తీర్లుగ చెప్తే మూడోవాండ్లను అడగాలె టీచర్, అడిగేదాక ఏం చెయ్యొద్దు," అంది. అంత మంచి మాట ఆ వారంలో నేను ఒక్కటీ చెప్పలేదు. చెప్పి కూర్చోకుండా, పుస్తకాల సంచి తీసుకుని వచ్చి మొదటి బెంచీలో తన పాత జాగాలో కూర్చుంది.

రెండు జడల పిల్ల నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి గీతలు కొట్టింది. ఏం అడిగినం, ఎవరు చెప్పిన్రు, వాండ్లకు ఎట్ల తెల్సు, తప్పైతే ఏం పోతది. ఇక మొదలైంది నా కష్టం. ఆ పేజీ పట్టుకుని ఆ పిల్ల అడగని మనిషి లేడు. మధ్యాహ్న భోజనం వండే అక్కను, పప్పు ఉడికిందని ఎట్ల తెల్సని అడిగింది. బస్సు డ్రైవరును, బ్రేకు పడుతుందని ఎట్ల తెల్సని అడిగితే ఆయన జడుసుకుని ఒకసారి తొక్కి చూసుకున్నాడట. హెడ్మాస్టరు సారును షుగరు మాత్రల గురించి అడిగింది. సారు నా దగ్గరికొచ్చి, "మేడం, పిల్లలకు మరీ ఎక్కువ నేర్పుతున్రు," అన్నారు.

పేల సంగతి కూడా తేలింది. డాక్టరమ్మ రాసిచ్చిన మందు ఉంది. అది కాక, మా అమ్మ ప్రతి శనివారం మధ్యాహ్నం సన్నపండ్ల దువ్వెన పట్టుకుని బడి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆడపిల్లలు వరస కట్టేవాళ్లు. ఎవరి తలలో ఎన్ని దొరికాయో పైకి చెప్పొద్దని నేను కట్టడి చేశాను. దువ్వుతూ దువ్వుతూ ఎవరికన్నా ఏదన్నా చిట్కా చెప్పబోయి, మధ్యలో ఆగి, "ఏమో బిడ్డా, గా ఫోన్ల మనిషిని గూడ ఒక మాట అడుగుండ్రి," అనేది.

మరుసటి ఏడు మళ్లీ సీతాఫలాల కాలం వచ్చింది. ఆ పిల్లలు తొమ్మిదికొచ్చారు. ఒకరోజు ఎవరో బల్ల మీద కాయ పెట్టారు. పాఠం చెబుతూనే చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అచ్చం మా అమ్మలా, "ఇది ఎల్లుండి," అన్నాను.

మొదటి బెంచీలోంచి చెయ్యి లేచింది. "ఎట్ల తెల్సు టీచర్?"

నాకు ఒళ్లు మండింది. సీతాఫలాల గంప పక్కన పెరిగినదాన్ని, నన్నే అడుగుతావా అనబోయాను. నోరు తెరిచాను కూడా. కానీ గంప పక్కన కూర్చుని నేను చేసింది లెక్కలు. అమ్మ "దా, చూడు, నేర్పుత," అని ఎన్నిసార్లు పిలిచినా, నాకెందుకు, నేను చదువుకుంటున్నాను అని పోలేదు. ఇన్నేళ్లూ అమ్మకు తెలిసినదాన్ని నాకు తెలిసినదిగా చెప్పుకుంటూ వచ్చాను. కాయ కండ్ల మధ్య సందులు చూశాను. విచ్చుకున్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి.

కాయను బల్ల మీద పెట్టేశాను.

"నాకెర్క లేదు," అన్నాను.

క్లాసులో ఎవరో చిన్నగా చప్పట్లు కొట్టారు, నోరున్న పిల్లగాడే అయ్యుంటాడు. కోపంగా చూశాను, ఆపేశాడు. రెండు జడల పిల్ల మాత్రం తల వంచి రాసుకుంటోంది. గంట కొట్టాక, అందరూ బయటికి పోయాక, దాని బెంచీ మీద నోట్‌బుక్కు తెరిచే ఉంది. వెళ్లి చూశాను. గీతలు కొట్టిన పేజీలో చివరి వరుస అప్పుడే రాసింది.

'సీతాఫలం ఎప్పుడు పండుతది. టీచర్ ఎర్క లేదన్నది. టీచర్‌ను నమ్మొచ్చు.'